బండి పరాయిదైనా తూకం మనదే: విశాఖలో సరుకు మోసిన చరిత్ర



ఏటా ఈ సంచికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని రాస్తాం. ఆ లెక్కలు వెనక పేజీల్లో ఎలాగూ ఉన్నాయి. ఈసారి మాకు ఇచ్చిన పేజీల్లో రవాణా గురించి రాద్దామని అనుకున్నాం. ఇదివరకు మన పచ్చళ్ళు వీధి చివర కొట్టు దాకా వెళ్ళేవి. ఎండుచేపలు గంపలో నెత్తిన పెట్టుకుని పూర్ణామార్కెట్టుకు పోయేవాళ్ళం. సరుకు మన నెత్తి మీదే ఉండేది కాబట్టి పోయిందా, తడిసిందా, తక్కువైందా అన్న తగువే లేదు. ఇప్పుడు రాగిపిండి హైదరాబాదుకు, జంతికలు బెంగుళూరుకు, జనపనార సంచులు ఎగ్జిబిషన్లకు వెళ్తున్నాయి. చేసేది మనం, మోసేది వేరేవాళ్ళు. ఆటో, లారీ, కొరియర్, రైలు పార్సిలు, అన్నీ పరాయి చేతులే. మీటింగుల్లో వచ్చే గొడవల్లో సరుకు బాగాలేదన్న మాట కంటే, దారిలో ఏమైందో తెలీదన్న మాటే ఎక్కువ వినిపిస్తోంది.

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. మన ఊరు పుట్టిందే సరుకు మోసుకుని. ఈ ఊళ్ళో సరుకు ఎవరెవరు మోశారు, ఎక్కడెక్కడ దెబ్బ తగిలింది అన్నది కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే, మన పచ్చడి సీసాల సంగతి కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

మొదట ఎద్దుల సంగతి చెప్పాలి. రోడ్డు, రైలు లేని రోజుల్లో మన తీరంలో పండిన ఉప్పు కొండ మీదికి ఎలా వెళ్ళేదంటే, లంబాడీల ఎద్దుల మీద. బంజారాలు అన్నా వాళ్ళే. బండి కట్టేవాళ్ళు కాదు, ఎద్దు వీపు మీదే అటో గోతాం ఇటో గోతాం. వందల ఎద్దులు ఒక తండాగా కదిలేవి. సాలూరు దాటి ఘాటీ ఎక్కి జయపురం, అక్కడి నుంచి బస్తరు. పోయేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు ధాన్యం. ఎద్దు ఖాళీగా తిరిగొచ్చేది కాదు. ఇవాళ లారీవాళ్ళు రిటన్ లోడు అనేది ఇదే. హైదరాబాదు నుంచి సరుకు దించి ఖాళీగా తిరిగిపోయే బండి మనకు దొరికితే కిరాయి తగ్గుతుంది. ఈ బేరం తెలిసిన అక్కలు మనలో ఇద్దరు ముగ్గురే ఉన్నారు, మిగతావాళ్ళు వాళ్ళని అడగండి.

బంజారాలు చాలాసార్లు సరుకు తామే కొని తామే అమ్మేవాళ్ళు. దారిలో వాన వచ్చి ఉప్పు కరిగిపోతే ఆ నష్టం వాళ్ళదే. అందుకే గోతాం జాగ్రత్తగా కప్పేవాళ్ళు. ఇంగ్లీషు దొర కారన్‌వాలీస్‌కి ఇది మైసూరు యుద్ధంలో తెలిసొచ్చింది. 1791 మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్ళాడు గానీ, మోత ఎద్దులు మేత లేక చచ్చిపోయాయి, తిండి అయిపోయింది, పెద్ద పెద్ద ఫిరంగులు తన చేత్తోనే పాడుచేసి వెనక్కి రావలసొచ్చింది. మరుసటి ఏడు, 1792లో, బంజారాలను పిలిచి వాళ్ళు తెచ్చిన ధాన్యం కొనుక్కుంటూ వెళ్ళాడు. ఈసారి పని జరిగింది. ఆ తేడా మాకు ఎలా కనిపిస్తుందంటే, సరుకు చేరితేనే తనకు డబ్బు అన్నప్పుడు మోసేవాడు ఒకలా మోస్తాడు, చేరినా చేరకపోయినా కిరాయి ముందే ముట్టినవాడు ఇంకోలా మోస్తాడు. కిరాయిలో కొంతైనా సరుకు ముట్టాక ఇవ్వడం మంచిదని మేము అనేది ఇందుకే.

కొండ మీద ఇంకో పద్ధతి కూడా నడిచింది, దానికి మంచిపేరు లేదు. పాడేరు, అరకు వైపు సంతల్లో గిరిజనుల దగ్గర చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు, తేనె కొనే షావుకార్లు ఉండేవాళ్ళు. దిగువకు సరుకు చేర్చే దారి వాళ్ళకే తెలుసు. తూచేదీ వాళ్ళే, పండక్కి, పెళ్ళికి అప్పు ఇచ్చేదీ వాళ్ళే. అప్పు తీసుకున్నవాడు ఆ తూకం ఎలా ఉన్నా ఒప్పుకోవలసిందే, వేరే బండికి వేసేందుకు లేదు. ఈ బాధ తగ్గించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మనం జీసీసీ అంటాం, దాని పెద్దాఫీసు మన విశాఖలోనే. జీసీసీ మీద కూడా రకరకాల మాటలు ఉన్నాయి, అది వేరే కథ. మనకు కావలసింది ఒక్కటే: తూకం, బండి, అప్పు మూడూ ఒకే మనిషి దగ్గర ఉంటే సరుకు మనది అనేది పేరుకే. ఇప్పుడు కూడా "అక్కా, అడ్వాన్సు నేనిస్తాను, బండి నేనే పంపుతాను, కాటా మా గోడౌన్లోనే పెట్టుకుందాం" అని తియ్యగా మాట్లాడేవాళ్ళు వస్తున్నారు. ముప్ఫై కేజీలు ఇరవై ఎనిమిది ఎలా అయ్యాయో అప్పుడు ఎవరిని అడుగుతాం?

ఇక సముద్రం వైపు వస్తే, మన విశాఖ కంటే ముందు భీమునిపట్నమే పెద్ద రేవు. డచ్చివాళ్ళు అక్కడ వ్యాపారం చేశారు, 1825లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. నూనెగింజలు, కరక్కాయలు, గోగునార ఓడలకెక్కేవి. ఆ గోగునారకు బయటి దేశాల్లో బిమ్లీ జూట్ అని పేరు. అయితే అక్కడ ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకుని ఉండేది. ఒడ్డు నుంచి ఓడ దాకా మసూలా పడవలు మోసేవి. మేకు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన పడవలు అవి, అల కొడితే వంగుతాయి గానీ పగలవు. ఓడవాడి లెక్క ఓడ కొక్కెం సరుకును అందుకున్నప్పటి నుంచి మొదలు. కొట్టువాడి లెక్క ఒడ్డుతో ఆఖరు. మధ్యలో ఆ అల మీద బస్తా నీళ్ళపాలైతే ఎవరిది? కడలి దాటే నెలల ప్రయాణం కంటే, కళ్ళ ముందు కనిపించే ఆ కొంచెం దూరంలోనే తగువులకు ఎక్కువ చోటుండేది.

మనకూ అలాంటి కొంచెం దూరాలే ఉన్నాయి. గాజువాకలో ఇంటి నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దాకా ఆటో. అక్కడ హమాలీ దించి లారీకి ఎక్కించేదాకా ప్లాట్‌ఫారం మీద. హైదరాబాదులో లారీ గోడౌను నుంచి కొనేవాళ్ళ కొట్టు దాకా ఇంకో ఆటో. పెద్ద లారీ గురించి నాలుగుచోట్ల బేరమాడతాం, ఈ ముక్కల గురించి ఎవరూ మాట్లాడరు. సీసాలు పగిలేది ఎక్కువగా ఈ ముక్కల్లోనే.

రైలు వచ్చాక మాట కాగితం మీదికెక్కింది. ఈ సంగతి మేము కొంచెం ఎక్కువ రాస్తాం, ఎందుకంటే మనం ఇవాళ చదవకుండా సంతకం పెట్టే కాగితాలు అక్కడి నుంచే వచ్చాయి.

బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైలుదారి 1893 నుంచి 1896 లోపు ముక్కలు ముక్కలుగా తెరిచారు. 1901, 1902ల్లో ఆ దారిని రెండు కంపెనీలకు పంచేశారు. దక్షిణం ముక్క మద్రాసు రైల్వేకి, ఉత్తరం ముక్క బెంగాల్ నాగపూర్ రైల్వేకి. రెండింటికీ సరిహద్దు మన వాల్తేరు స్టేషనే. అంటే ఇచ్ఛాపురంలో ఎక్కించిన బస్తా బెజవాడలో దిగాలంటే వాల్తేరులో చెయ్యి మారాలి. బస్తా తక్కువైతే "మా దగ్గర బాగానే ఉంది, అటువాళ్ళని అడుక్కో" అని చెప్పడం ఎంత సులువో చూడండి. అందుకే 1890 రైల్వే చట్టంలో ఒక మాట పెట్టారు. ఒకే రసీదు మీద రెండు రైల్వేల గుండా వెళ్ళిన సరుకు పోతే, సరుకు అప్పగించిన రైల్వే మీదైనా కేసు వేయొచ్చు, ఎవరి లైను మీద పోయిందో ఆ రైల్వే మీదైనా వేయొచ్చు. సరుకుగల మనిషి దారి పొడవునా వెతుక్కుంటూ తిరగక్కర్లేదు, తను ఎవరి చేతికిచ్చాడో వాళ్ళనే అడగవచ్చు.

మనం నేర్చుకోవలసింది ఆ ఒకే రసీదు అన్న మాట. బుకింగ్ ఏజెంటు ఒకడు, లారీ ఒకడిది, అటువైపు డెలివరీ ఇంకొకడు అయినప్పుడు, ముగ్గురికీ విడివిడిగా డబ్బిచ్చి విడివిడిగా మాట్లాడుకుంటే ముగ్గురూ మన దగ్గర బాగానే ఉందంటారు. ఒక్కడే మొత్తం దారికి రసీదు ఇచ్చి, లోపల ఎవరితో మోయించుకుంటాడో అది అతని బాధ్యత అని రాయించుకుంటే కిరాయి పది రూపాయలు ఎక్కువైనా మేలు.

అదే రైల్వేలో ఇంకో తిరకాసు కూడా ఉండేది. దాని పేరు రిస్కు నోటు. రెండు రేట్లు చెప్పేవాళ్ళు. మామూలు రేటు అయితే సరుకు బాధ్యత రైల్వేది. తగ్గింపు రేటు కావాలంటే, సరుకు పోయినా పాడైనా నాదే రిస్కు అని సంతకం పెట్టాలి. వ్యాపారస్తులు చవక చూసి పెట్టేసేవాళ్ళు. తరువాత బస్తాలు మాయమైతే, రైల్వేవాళ్ళు కావాలని నిర్లక్ష్యం చేశారని సరుకుగలాయన తనే రుజువు చేయాలి. స్టేషన్లో, యార్డులో, నడిచే రైల్లో ఏం జరిగిందో బయటివాడు ఎలా రుజువు చేస్తాడు? తమాషా ఏమిటంటే, అదే కాలంలో రోడ్డు మీదా కాలవలో మోసేవాళ్ళకు 1865 నాటి క్యారియర్స్ చట్టం ఉండేది. దాని ప్రకారం సరుకు పోయిందని చూపిస్తే చాలు, నిర్లక్ష్యం రుజువు చేయక్కర్లేదు. రైల్వేని మాత్రం ఆ చట్టానికి బయట ఉంచారు. 1962 జనవరి 1 నుంచి చట్టం మార్చి రైల్వేకి కూడా మోసేవాడి పూర్తి బాధ్యత పెట్టారు. అయినా ఓనర్స్ రిస్కు, రైల్వే రిస్కు అన్న రెండు మాటలు మాత్రం పోలేదు. పార్సిలు ఆఫీసులో, ట్రాన్స్‌పోర్టు రసీదు మీద, కొరియర్ చీటీ వెనక చీమల్లాంటి అక్షరాల్లో ఇప్పటికీ ఉంటాయి. చీటీ వెనక్కి తిప్పి చదవండి. మీకు కళ్ళజోడు లేకపోతే పిల్లల చేత చదివించండి.

రసీదు మీద ఇంకో మాట ఉంటుంది, "లోపల ఉన్నట్టు చెప్పబడినది" అని. అంటే పెట్టెలో పచ్చడి ఉందని మీరన్నారు, మేము చూడలేదు అని అర్థం. లెక్కా తూకమూ వాళ్ళ మనిషి ముందు జరిగి, ఎన్ని పెట్టెలు, ఎన్ని కేజీలు అని వాళ్ళ చేత్తోనే రాస్తేనే ఆ రసీదుకు బలం. ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపిన మన పల్లె సంఘాల అక్కలకు ఇది బాగా తెలుసు. కేంద్రంలో ఒక తూకం, మిల్లు దగ్గర ఇంకో తూకం, మధ్యలో లారీ. తేడా వస్తే రైతు వచ్చి అడిగేది లారీవాడిని కాదు, మన సంఘం అక్కని. ట్రక్ షీటు మీద బస్తాల లెక్క, తూకం, డ్రైవరు సంతకం ఉన్న కేంద్రాలు నిలబడ్డాయి. నోటి లెక్క మీద నడిచిన చోట ఏమైందో మనందరం విన్నదే.

రైలు తరువాత పోర్టు. మధ్య పరగణాల్లో దొరికే మాంగనీసు రాయి కలకత్తాకో బొంబాయికో అంత దూరం పోకుండా దగ్గర్లో ఒక రేవు ఉంటే బాగుండునని బెంగాల్ నాగపూర్ రైల్వే ఆలోచించింది. 1931కి రాయపూరు నుంచి విజయనగరం దాకా పట్టాలు కలిశాయి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన ఉప్పుటేరు లోపల తవ్వి, ముఖద్వారంలో అలల దెబ్బ తగ్గించడానికి రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ పోర్టు తెరిచాడు. అంతే, భీమిలి రేవు కళ తగ్గిపోయింది. సరుకు ఎటు చవకైతే అటు పోతుంది. మన ఊరు అభిమానం దానికి ఉండదు.

ఆ తరువాత బైలాడిల్లా ఇనుపరాయి జపానుకు పంపడానికి కొత్తవలస, కిరండూలు రైలుదారి, 1976లో ఔటర్ హార్బరు, 2003లో కంటైనర్ టెర్మినలు వచ్చాయి. కంటైనరు మనం రోజూ షీలానగర్ రోడ్డు మీద చూసే ఇనుప పెట్టే. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మెక్లీన్ అనే లారీల యజమాని ఒక ఓడ మీద 58 పెట్టెలు వేసి పంపడంతో ఆ కథ మొదలైంది. దాని కిటుకు పెట్టెలో లేదు, తాళంలో ఉంది. ఒకసారి సీలు వేస్తే లారీ, రైలు, ఓడ, మళ్ళీ లారీ మారినా లోపలి సరుకును ఎవరూ ముట్టుకోరు. సీలు నెంబరు కాగితం మీద ఉంటుంది, దిగేచోట అదే నెంబరు చూసి తెరుస్తారు. భీమిలి అలల మీద తగువు అలా తీరింది. మన అట్టపెట్టెలకు కంటైనరు అక్కర్లేదు గానీ, టేపు మీద అడ్డంగా సంఘం ముద్ర వేసి పెట్టె నెంబరు రాసి ఒక ఫొటో తీయడానికి ఖర్చేముంది?

ఇక మన ఇంటి పక్క సంగతి. ఇది పెదగంట్యాడ, గాజువాక వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కూర్మన్నపాలెం స్టీలు ప్లాంటుకు 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. సముద్రం ఒడ్డున కట్టడానికి కారణమే రవాణా, బయటి దేశాల నుంచి బొగ్గు ఓడల మీద దిగుతుందని. ప్లాంటుకు సొంత ఇనుప గనులు లేవు, ఆ బాధ వేరే ఉంది. బొగ్గు మొదట్లో మన పాత పోర్టులో దిగి రైలు వ్యాగన్లలో వచ్చేది. 2009లో పక్కనే గంగవరం పోర్టు తెరిచారు. అక్కడి నుంచి ప్లాంటులోకి కన్వేయరు బెల్టు వేశారు. పక్కిల్లు లాంటి పోర్టు, నేరుగా పొయ్యి దాకా బెల్టు. వ్యాగన్లు, లారీలు, లోడింగు అన్లోడింగు బాధ తగ్గింది. అంతకంటే చవకైన దారి ఎక్కడుంటుంది?

2024 ఏప్రిల్‌లో గంగవరం పోర్టు కార్మికులు జీతాల కోసం ఆందోళనకు దిగారు. బెల్టు ఆగింది. ప్లాంటు డబ్బు పెట్టి తెప్పించుకున్న బొగ్గు పోర్టు యార్డులో కుప్పలుగా ఉండిపోయింది. కళ్ళ ముందే ఉంది, అందదు. కోక్ ఓవెన్లు మన గ్యాసు పొయ్యిలా ఆపి మళ్ళీ వెలిగించేవి కావు, చల్లబడితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి. ఫర్నేసుల ఉత్పత్తి తగ్గించుకుంటూ, పాత పోర్టు దారిలో ఎంత వీలైతే అంత తెచ్చుకుంటూ, యాజమాన్యం హైకోర్టుకు వెళ్ళవలసొచ్చింది. ప్లాంటు గేటు దగ్గర టిఫిన్ బళ్ళు పెట్టే మన అక్కల బేరాలు కూడా ఆ నెలలో పడిపోయాయి.

ఇందులో కార్మికులది తప్పని మేము అనం. పోర్టు కోసం ఊరు, రేవు వదులుకున్న గంగవరం, దిబ్బపాలెం మత్స్యకార కుటుంబాల పిల్లలు అక్కడ పనిచేస్తున్నారు. వాళ్ళ జీతం వాళ్ళు అడుగుతారు. మేము చెప్పేది వేరు. ఇంత పెద్ద ప్లాంటుకి కూడా, పని ఒకే దారి మీద నడిచినప్పుడు, ఆ దారిలో కింద పనిచేసే మనిషి కష్టం మన పొయ్యి దాకా వస్తుంది. ఆ మనుషులతో ప్లాంటుకి ఒప్పందం లేదు, మాట్లాడే హక్కూ లేదు. మనం కూడా ట్రాన్స్‌పోర్టు ఓనరుతో మాట్లాడతాం గానీ, అతను డ్రైవరుకీ హమాలీకీ సరిగా ఇస్తున్నాడా అని అడగం. మరీ తక్కువ రేటు చెప్పినవాడి దగ్గర ఆ తక్కువ ఎవరి కడుపులోంచి వస్తోందో ఒకసారి చూసుకోవాలి. దసరా ముందు రోజు బండి ఆగిపోయేది అలాంటిచోటే.

ఇంచుమించు ఇలాంటిదే ఇంగ్లండులో కూడా జరిగింది, కాస్త నవ్వొచ్చే కథ. వేయించిన కోడి అమ్మే కేఎఫ్‌సీ కంపెనీకి అక్కడ దాదాపు 900 కొట్లున్నాయి. ఒక కంపెనీ ఏళ్ళ తరబడి వాటికి కోడి సరఫరా చేసేది. 2018 ఫిబ్రవరి 14న ఆ పని మొత్తం వేరే కంపెనీకి మార్చారు. ఒక్క రోజులో అన్ని కొట్లకూ, రగ్బీ అనే ఊళ్ళో ఒకే గోడౌను నుంచి. మొదటి రోజే లారీలు చిక్కుకున్నాయి. వారం తిరగకుండా సగానికి పైగా కొట్లు మూతపడ్డాయి, కోడి కొట్లో కోడి లేదు. నెల తిరక్కుండానే ఉత్తరం వైపు కొట్లకు పాత కంపెనీనే మళ్ళీ పిలిచారు. కొత్తవాడు చెడ్డవాడని కాదు, ఆ ఒక్క రోజులో అంతా మార్చడమే కొంప ముంచింది. కొత్త ట్రాన్స్‌పోర్టుకు మారాలంటే ముందు ఒక ఊరి ఆర్డరు, తరువాత రెండు. పాతవాడికి కూడా కొంత సరుకు వేస్తూ ఉండాలి, సంబంధం తెగకుండా.

హుద్‌హుద్ మరిచిపోయినవాళ్ళు మనలో లేరు. 2014 అక్టోబరు 12 ఆదివారం. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు మీద చెట్లు, ఎయిర్‌పోర్టు కప్పు ఎగిరిపోయింది. దీపావళికి 11 రోజులే ఉంది. ఊళ్ళో గోడౌన్లలో ఎందరి పండగ సరుకో తడిసింది. అప్పుడు లేచిన ప్రశ్న, గోడౌనువాడి ఇన్సూరెన్సు గోడౌనుకా, లోపలున్న మన సరుకుకా? చాలావరకు కట్టడానికీ వాళ్ళ సొంత సామానుకే ఉంటుంది. ఇతరుల సరుకు కూడా అందులో కలిసిందని పాలసీ కాగితంలో రాసి ఉంటేనే కలిసినట్టు. నోటిమాటగా "ఇన్సూరెన్సు ఉందమ్మా" అంటే చాలదు, పాలసీ జిరాక్సు అడగండి.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చెప్పి ఆపుతాం. 1865 చట్టం పోయి, 2007లో రోడ్డు రవాణా క్యారియర్ల చట్టం వచ్చింది, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఊళ్ళ మధ్య కిరాయికి సరుకు మోసే ట్రాన్స్‌పోర్టులు, బుకింగ్ ఏజెంట్లు, కొరియర్లు కూడా దీని కిందికే వస్తారు, రిజిస్ట్రేషను ఉండాలి. మనం సరుకు వివరం, విలువ రాసి ఒక ఫారం ఇవ్వాలి, వాళ్ళు రసీదు ఇవ్వాలి. విలువ గడి ఖాళీగా వదలకూడదు. ఎందుకంటే సరుకు పోతే వాళ్ళు ఇవ్వవలసింది మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే, అదీ మనం రాసిన విలువకు మించకుండా. మన సభ్య సంఘం ఒకటి ఈ ఏడు 14,000 రూపాయల పచ్చళ్ళు పంపింది, కిరాయి 450. సీసాలు చాలావరకు పగిలాయి. ట్రాన్స్‌పోర్టువాళ్ళు 4,500 దగ్గర ఆగిపోయారు. వాళ్ళు చెప్పిన లెక్క చట్టంలో ఉన్నదే. మొదట్లోనే పూర్తి విలువ చూపించి ఎక్కువ రిస్కు రేటు కట్టి రాయించుకుంటే లెక్క వేరేలా ఉండేది. పచ్చడి, గాజు, ఏటికొప్పాక లక్క బొమ్మలు లాంటి వాటికి ఆ ఎక్కువ రేటు దండగ కాదని మా అభిప్రాయం. జంతికలకు అక్కర్లేదు.

గడువు సంగతి కూడా. సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కేసు వేసే దారి మూసుకుపోతుంది. బుకింగ్ రోజు నుంచి, తెలిసిన రోజు నుంచి కాదు. "చూద్దాం, ఇస్తామన్నారు కదా" అని ఫోన్ల మీద ఆరు నెలలు నెట్టేస్తారు. ఫోను నోటీసు కాదు. స్పీడ్ పోస్టులో ఒక కాగితం పంపి రసీదు దాచుకోండి. రైలు పార్సిలుకు కూడా గడువు ఆరు నెలలే.

ఈ బాధలన్నీ ఎందుకు, సమాఖ్య పేరు మీద ఒక బండి కొనేద్దాం అని కొందరక్కలు ప్రతి మీటింగులోనూ అంటున్నారు. మేము ఒప్పుకోవడం లేదు. వాయిదా, డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టైర్లు అన్నీ నెలనెలా వస్తాయి, మన సరుకు నెలలో ఆరేడు రోజులే ఉంటుంది. మిగతా రోజులు బండి ఖాళీగా ఎండలో ఉంటే, ఆ ఖర్చు జంతికల మీద పడుతుంది. ఫిషింగ్ హార్బరు దగ్గర తెల్లవారుజామున మన మత్స్యకార అక్కలు నలుగురైదుగురు కలిసి ఒక ట్రక్కు ఆటో మాట్లాడుకుంటారు. గంపకు ఇంత అని లెక్క. ఎవరి గంపకు వాళ్ళ రంగు గుడ్డ. దించేటప్పుడు ఒకామె ఆటోలోనే ఉండి లెక్కపెట్టి దింపుతుంది. ఈ పద్ధతి వాళ్ళకు ఎవరూ ట్రైనింగులో చెప్పలేదు.

కాబట్టి వచ్చే ఏడాదికి సమాఖ్య కమిటీ ఇలా తీర్మానం చేసింది. హైదరాబాదు, బెంగుళూరు ఆర్డర్లు వారానికి ఒక రోజు కలిపి పంపుతాం. ఇద్దరు ట్రాన్స్‌పోర్టువాళ్ళతో రాత ఒప్పందం ఉంటుంది, ఒకరికే మొత్తం ఇవ్వం. హమాలీ, హాల్టింగు, డోర్ డెలివరీ, తిరిగొచ్చిన సరుకు కిరాయి, ఇవన్నీ రేటులో కలిసి ఉన్నాయా, విడిగానా అన్నది ఒప్పందంలో రాయిస్తాం. కాటా సమాఖ్య ఆఫీసులోనే ఉంటుంది, డ్రైవరు ముందు తూచి అతని సంతకం తీసుకుంటాం. 50,000 రూపాయలు దాటిన జీఎస్టీ సరుకు వేరే రాష్ట్రానికి వెళ్తుంటే ఈ-వే బిల్లు కావాలి. అందులో సరుకు వివరం మన తరఫున, బండి నెంబరు వాళ్ళ తరఫున నింపాలి. బండి మధ్యలో మారితే నెంబరు కూడా మార్చాలని వాళ్ళకు గుర్తు చేయాలి. రవాణా రిజిస్టరు ఒకటి కొత్తగా పెట్టాం, తేదీ, పెట్టెల నెంబర్లు, తూకం, విలువ, రసీదు నెంబరు, చేరిన తేదీ, 180 రోజుల గడువు తేదీ అని గళ్ళు కొట్టించాం. సంఘాల లీడర్లు వచ్చే నెల మీటింగుకు తమ దగ్గరున్న పాత రసీదులు తీసుకొస్తే, గడువు దాటనివి ఏమున్నాయో అక్కడే కూర్చుని చూసేద్దాం.